డిగ్రీ, బీటెక్ చదువుతూనే మిలిటరీ ఆఫీసర్ అవ్వాలంటే: విశాఖ విద్యార్థులు ఏ ఏడాది ఏం చేయాలి

విశాఖలో పెరిగినవాళ్లకు యూనిఫాం కొత్త కాదు. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. నేవీ విన్యాసాలంటే ఆర్కే బీచ్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. అయినా మన కాలేజీల్లో ఎవరినైనా ఆపి "ఆఫీసర్‌గా చేరాలంటే ఏం చేయాలి?" అని అడిగితే, ఎక్కువమంది చెప్పేది రిక్రూట్‌మెంట్ ర్యాలీ గురించే. ర్యాలీలో పరుగు పెట్టి చేరేది అగ్నివీర్‌గా. అది గౌరవమైన దారే కానీ, ఆఫీసర్ ఎంపికకు దానితో సంబంధం లేదు. ఆఫీసర్లను వేరే పరీక్షలతో, ఎస్‌ఎస్‌బీ అనే ఐదు రోజుల ఇంటర్వ్యూతో తీసుకుంటారు. లెఫ్టినెంట్‌గానో, సబ్ లెఫ్టినెంట్‌గానో, ఫ్లయింగ్ ఆఫీసర్‌గానో మొదలవుతారు.

ఈ విషయం తెలిసిన పిల్లలు కూడా చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. "ముందు డిగ్రీ కానివ్వండి, తర్వాత చూద్దాం" అనుకోవడం. డిగ్రీ అయ్యేసరికి ఎన్‌సీసీలో చేరే వీలు పోతుంది, ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష వయసు దాటిపోతుంది, మార్కుల శాతం ఇక మార్చలేనిదైపోతుంది. కాబట్టి ఇది ఫస్టియర్‌లోనే మొదలుపెట్టాల్సిన పని. ఇప్పటికే సెకండియర్‌లోనో ఫైనలియర్‌లోనో ఉంటే, ఈ వారమే మొదలుపెట్టాల్సిన పని.

మొదటి పని: పుట్టిన తేదీ పట్టుకుని కూర్చోండి

నోటిఫికేషన్లలో వయసును "24 ఏళ్లు" అని రాసి వదిలేయరు. ఈ తేదీకి ముందు పుట్టకూడదు, ఆ తేదీ తర్వాత పుట్టకూడదు అని రెండు హద్దులు ఇస్తారు. ఒక్కరోజు తేడా ఉన్నా దరఖాస్తు పోయినట్టే. మీ పదో తరగతి మెమోలో ఉన్న తేదీనే లెక్క. ఇంట్లో చెప్పే అసలు పుట్టినరోజు వేరే ఉన్నా దాన్ని ఎవరూ చూడరు.

ఫస్టియర్‌లో ఉన్నవాళ్లు చాలామంది గమనించనిది ఒకటుంది. ఎన్‌డీఏ పరీక్ష ఇంటర్ చదివేవాళ్లకే అనుకుంటారు. దాని వయసు పరిమితి సుమారు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర. అంటే డిగ్రీ మొదటి ఏడాదిలో, కొందరికి రెండో ఏడాది మొదట్లో కూడా ఇంకా అవకాశం ఉంటుంది. ఆర్మీకైతే ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు ఎంపీసీ ఉండాలి. ఎంపీసీ చదివి జేఈఈ మెయిన్ రాసిన అబ్బాయిలకు ఆర్మీలో టెన్ ప్లస్ టూ టెక్నికల్ ఎంట్రీ కూడా ఉంది. దానికి వేరే రాతపరీక్ష ఉండదు, జేఈఈ ర్యాంకు చూసి ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. ఇప్పుడున్న కాలేజీ సీటు వదులుకోవాలేమో అన్న టెన్షన్ ముందే వద్దు. ముందు పరీక్ష రాయండి, సీటు సంగతి పిలుపు వచ్చాక ఆలోచించవచ్చు.

ఆ వయసు దాటినవాళ్లకు మిగిలే పెద్ద దారులు సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష), ఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష), నేవీ షార్ట్ సర్వీస్ (కొన్నేళ్లకు పరిమితమైన ఆఫీసర్ ఉద్యోగం), ఇంజినీర్లకు ఆర్మీ టెక్నికల్ ఎంట్రీలు, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ.

రెండో పని: ఎన్‌సీసీలో పేరు ఇవ్వండి

మీ కాలేజీలో ఎన్‌సీసీ యూనిట్ ఉంటే, అడ్మిషన్ల సందడిలోనే ఆ బాధ్యత చూసే లెక్చరర్‌ను వెతికి పట్టుకోండి. ఆయన్ను ఏఎన్‌ఓ అంటారు. ఫస్టియర్‌లోనే చేర్చుకుంటారు, ఎందుకంటే 'బి' సర్టిఫికెట్‌కు రెండేళ్లు, 'సి' సర్టిఫికెట్‌కు మూడేళ్లు పడుతుంది. సెకండియర్ మధ్యలో వచ్చి అడిగితే ఏఎన్‌ఓ కూడా ఏమీ చేయలేరు. విశాఖలో నేవీ వింగ్ యూనిట్లు ఉండటం మన పిల్లలకు దొరికిన అదృష్టం. పడవ లాగడం, తాడు ముడులు, సెమాఫోర్ జెండాలు చాలా ఊళ్లలో ఫొటోల్లోనే చూస్తారు.

'సి' సర్టిఫికెట్ చేతికొస్తే కలిగే లాభం మామూలుది కాదు. కనీసం బి గ్రేడ్‌తో 'సి' ఉండి, డిగ్రీలో 50 శాతం మార్కులుంటే, ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి రాతపరీక్ష లేకుండా దరఖాస్తు చేయవచ్చు. మార్కులను బట్టి నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఈ దారి ఉంది, శిక్షణ చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో. ఇది కాక, సీడీఎస్ ద్వారా డెహ్రాడూన్ ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ)కు వెళ్లే సీట్లలోనూ ఆర్మీ వింగ్ 'సి' ఉన్నవాళ్లకు కొన్ని పక్కన పెడతారు. ఇటీవలి నోటిఫికేషన్లలో 100 సీట్లకు 13 అలా ఉన్నాయి. నేవీ వింగ్, ఎయిర్ వింగ్ క్యాడెట్లకూ వాళ్ల వాళ్ల దళాల్లో ఇలాంటి వెసులుబాట్లు ఉన్నాయి.

సర్టిఫికెట్ కోసం పేరుకి చేరి, పరేడ్లు ఎగ్గొడితే మాత్రం లాభం లేదు. 75 శాతం హాజరు, క్యాంపులు లేకుండా పరీక్షకు కూర్చోనివ్వరు. అయినా సర్టిఫికెట్ కన్నా పెద్ద లాభం క్యాంపులోనే ఉంది. పది రోజులు గుడారంలోనో హాల్లోనో తెలియనివాళ్లతో కలిసి ఉండటం, తెల్లవారకముందే లేవడం, పదిమందికి భోజనం వడ్డించే బాధ్యత తలకెత్తుకోవడం, భాష రాని క్యాడెట్‌తో కలిసి పని చేయడం. తర్వాత ఎస్‌ఎస్‌బీలో మీరు రాసే కథల్లో, చెప్పే జవాబుల్లో ఇవన్నీ వాటంతటవే బయటికొస్తాయి. కల్పించి రాసే పని ఉండదు.

కాలేజీలో ఎన్‌సీసీ లేకపోతే బాధపడి ఆగిపోవద్దు. ఎన్‌సీసీ లేకుండా ఎంపికైన ఆఫీసర్లు కోకొల్లలు. ఎన్‌ఎస్‌ఎస్, కాలేజీ ఫెస్ట్ బాధ్యతలు, వీధిలో వినాయక చవితి కమిటీ, ఏదో ఒక ఆటలో జట్టు. పదిమందితో కలిసి ఒక పని మొదలుపెట్టి పూర్తి చేసే అలవాటు ఎక్కడ వచ్చినా సరే.

మూడో పని: మీకు సరిపోయే దారి తేల్చుకోండి

సీడీఎస్ డిగ్రీవాళ్లు ఎక్కువమంది రాసే పరీక్ష. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. సాధారణంగా ఒకదానికి డిసెంబర్‌లో నోటిఫికేషన్, ఏప్రిల్‌లో పరీక్ష, రెండోదానికి మేలో నోటిఫికేషన్, సెప్టెంబర్‌లో పరీక్ష. ఫైనలియర్ చదువుతూ రాయవచ్చు. విశాఖపట్నంలోనే సెంటర్ ఉంటుంది, కాబట్టి ఊరు కదలక్కర్లేదు. కానీ సెంటర్లలో సీట్లు ముందొచ్చినవాళ్లకు ముందు అన్న పద్ధతిలో ఇస్తారు. ఆఖరి రోజుదాకా ఆగితే వేరే ఊరికి వెళ్లి రాయాల్సి రావచ్చు. ఫీజు 200 రూపాయలు. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అదీ లేదు.

ఇందులో నాలుగు అకాడమీలు ఉంటాయి. డెహ్రాడూన్ ఐఎంఏకు, చెన్నై ఓటీఏకు ఏ డిగ్రీ అయినా చాలు. కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీకి ఇంజినీరింగ్ కావాలి. మన హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఉన్న ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివిన డిగ్రీవాళ్లు లేదా ఇంజినీర్లు అర్హులు. బీకామ్, బీఏ చదివేవాళ్లు "మనకేం ఉండదులే" అనుకుంటారు. ఐఎంఏ, ఓటీఏ రెండూ వాళ్లకు తెరిచే ఉన్నాయి. దరఖాస్తులో ఏది ముందు, ఏది తర్వాత అని వరుస అడుగుతారు. దాన్ని పక్కవాడిని చూసి నింపకండి. ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో ఆ వరుస మీదే ప్రశ్న వస్తుంది.

పేపర్లు ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, ప్రాథమిక గణితం. ఒక్కోటి 100 మార్కులు, రెండేసి గంటలు. ఓటీఏ మాత్రమే కోరుకుంటే గణితం ఉండదు. గణితం పదో తరగతి స్థాయిదే. అయినా బీటెక్ పిల్లలు కూడా అందులో తడబడతారు, త్రికోణమితి, క్షేత్రమితి సూత్రాలు ఎప్పుడో మరిచిపోయి ఉంటారు కాబట్టి. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత ఉంటుంది. ప్రశ్నలు ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ పేపర్‌కు రోజూ ఒక గంట కేటాయించాలి. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. వేలు పోసి మెటీరియల్ కొనేముందు వాటిని గడియారం పెట్టుకుని రాయండి. ఇంట్లో చదువు సాగకపోతే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పక్కన కూర్చుని ఉంటే ఫోన్ మీదకు చెయ్యి వెళ్లదు.

ఇంజినీర్లకు ఆర్మీలో రెండు ప్రత్యేక దారులున్నాయి. పెళ్లికాని అబ్బాయిలకు టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు, శిక్షణ డెహ్రాడూన్‌లో. అబ్బాయిలకూ అమ్మాయిలకూ షార్ట్ సర్వీస్ టెక్నికల్. రెండింటికీ 20 నుంచి 27 ఏళ్ల మధ్య ఉండాలి, రాతపరీక్ష లేదు. బ్రాంచి వారీగా ఇంజినీరింగ్ మార్కుల కటాఫ్ పెట్టి ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. బీటెక్ మార్కులు ఉద్యోగానికి అక్కర్లేదని సీనియర్లు చెప్పే మాట ఇక్కడ చెల్లదు. నేవీ షార్ట్ సర్వీస్‌లోనూ అంతే. అక్కడ చాలా బ్రాంచీలకు కనీసం 60 శాతం అడుగుతారు, కటాఫ్ అంతకన్నా పైనే ఉండవచ్చు. ఎగ్జిక్యూటివ్, పైలట్, లాజిస్టిక్స్, ఎడ్యుకేషన్, ఇంజినీరింగ్, ఎలక్ట్రికల్ అని బ్రాంచీలుంటాయి. ఒక్కోదానికి ఏ డిగ్రీలు చెల్లుతాయో నోటిఫికేషన్‌లో పట్టిక ఉంటుంది. అది జాగ్రత్తగా చదవండి. ఎంబీఏ, ఎంసీఏ, ఎమ్మెస్సీ వాళ్లకూ అందులో చోటుంటుంది.

ఎయిర్‌ఫోర్స్‌కు ఎఫ్‌క్యాట్. ఏడాదికి రెండుసార్లు ఆన్‌లైన్‌లో, 100 ప్రశ్నలు, 300 మార్కులు, రెండు గంటలు. ఫ్లయింగ్‌కు 20 నుంచి 24, గ్రౌండ్ డ్యూటీకి 20 నుంచి 26 ఏళ్లు, డిగ్రీలో 60 శాతం. పైలట్ కావాలనుకునేవాళ్లకు సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. దాన్ని జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. అందులో తప్పితే పైలట్ దారి మూసుకుపోయినట్టే, కాబట్టి నిద్ర చాలక కళ్లు మండుతూ ఆ గదిలోకి వెళ్లకండి.

లా చదివేవాళ్లకు ఆర్మీలో జడ్జ్ అడ్వకేట్ జనరల్ విభాగం ఉంది. ఎల్‌ఎల్‌బీలో 55 శాతం, క్లాట్ పీజీ (లా పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరు కావాలి. సముద్రం మీద పని ఇష్టమైతే కోస్ట్ గార్డ్‌లో అసిస్టెంట్ కమాండెంట్ పోస్టులు కూడా చూడండి. దాని జిల్లా కార్యాలయం ఒకటి విశాఖలోనే ఉంది.

అమ్మాయిలకు, వాళ్ల అమ్మానాన్నలకు

ఐఎంఏ, నేవల్, ఎయిర్‌ఫోర్స్ అకాడమీలకు సీడీఎస్ ద్వారా అమ్మాయిలను ఇంకా తీసుకోవడం లేదు. అవి తప్ప మిగతా పెద్ద దారులు ఉన్నాయి: సీడీఎస్ ద్వారా ఓటీఏ, ఎన్‌సీసీ స్పెషల్, షార్ట్ సర్వీస్ టెక్నికల్, ఎఫ్‌క్యాట్‌లో ఫ్లయింగ్‌తో సహా, నేవీ షార్ట్ సర్వీస్. ఎన్‌డీఏలో 2022 నుంచి అమ్మాయిలు చేరుతున్నారు. వాళ్ల మొదటి బ్యాచ్ 2025లో బయటికొచ్చింది. షార్ట్ సర్వీస్ అంటే పదేళ్లకు ఇంటికి పంపేస్తారని పెద్దవాళ్లు భయపడతారు. పదేళ్ల తర్వాత మరో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు, లేదా పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా సర్వీసు) కోరవచ్చు. ఆర్మీలో ఆ హక్కు మహిళలకు మగవాళ్లతో సమానంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ అన్నది నిజమే. అందుకే ఒకే పరీక్ష మీద ఆశ పెట్టుకోకుండా అర్హత ఉన్న ప్రతిదానికీ దరఖాస్తు చేయాలి. ఇంట్లో "అంత దూరం ఎలా పంపుతాం" అంటే, అమ్మానాన్నలను ఒక ఆదివారం బీచ్ రోడ్డు మీదికి తీసుకెళ్లి కురుసురా జలాంతర్గామి చూపించి, నేవీలో ఇప్పుడు ఏయే బ్రాంచీల్లో అమ్మాయిలు పనిచేస్తున్నారో అక్కడే చెప్పండి. ఇంట్లో వాదించడం కన్నా అది బాగా పనిచేస్తుంది.

నాలుగో పని: కాగితాలు సరిచేసుకోండి

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది, డిగ్రీ మెమోలో పేరు ముందు, ఇంటిపేరు వెనక. తండ్రి పేరు ఒకచోట "రావు"తో, ఇంకోచోట "రావు" లేకుండా. దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లు పోకుండా రాయండి. ఆధార్ తేడాగా ఉంటే సెలవుల్లోనే సరిచేయించండి. ఎస్‌ఎస్‌బీ పిలుపు వచ్చాక మీసేవ చుట్టూ తిరగడానికి టైం ఉండదు.

సీజీపీఏ ఇచ్చే యూనివర్సిటీల పిల్లలు, దాన్ని శాతంలోకి మార్చే సూత్రం ఉన్న కాగితం కాలేజీ ముద్ర, సంతకంతో ముందే తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో చూసి 9.5తో గుణించేయడం కాదు. మీ యూనివర్సిటీ సూత్రం ఏదో అదే రాయాలి. ఫైనలియర్‌వాళ్లు బ్యాక్‌లాగ్ ఒక్కటీ ఉంచుకోకండి. ఎస్‌ఎస్‌బీ పాసై, మెడికల్ పాసై, డిగ్రీ సర్టిఫికెట్ గడువులోగా చూపించలేక చేరలేకపోవడం కన్నా బాధ ఇంకేముంటుంది?

ఐదో పని: ఒళ్లు సిద్ధం చేసుకోండి

ఆర్మీ టెక్నికల్ నోటిఫికేషన్లలో శిక్షణకు వచ్చేనాటికి ఉండాల్సిన స్థాయి స్పష్టంగా రాస్తారు. అబ్బాయిలు 2.4 కిలోమీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి, 40 పుషప్స్, 6 పుల్అప్స్, 30 సిటప్స్ తీయాలి. అమ్మాయిలకు అదే దూరం 13 నిమిషాలు, 15 పుషప్స్, 2 పుల్అప్స్, 25 సిటప్స్. ఈత మొదటి పాఠాలైనా వచ్చి ఉండాలి. అంత సముద్రం పక్కన ఉండి ఈత రాదంటే బాగోదు. సముద్రంలో మాత్రం ప్రయత్నించకండి, మన తీరంలో అలల లాగుడు ప్రమాదకరం. బీచ్ రోడ్డులో జీవీఎంసీ ఈతకొలను ఉంది.

పరుగుకు తెల్లవారుజామున బీచ్ రోడ్డు కన్నా మంచి చోటు లేదు, ఆ వేళ వాహనాలు రానివ్వరు. మొదటి నెల రోడ్డు మీదో ఏయూ గ్రౌండ్‌లోనో పరుగెత్తండి. తొలిరోజే ఇసుకలో దిగితే ముంగాళ్ల నొప్పి పట్టుకుని నెల పోతుంది. విశాఖ ఉక్కకు చెమట బాగా పోతుంది, వెళ్లే ముందు నీళ్లు తాగండి. ఎక్కువమందికి కొరకరాని కొయ్య పుల్అప్స్. పార్కులో ఓపెన్ జిమ్ కడ్డీకి ముందు ఊరికే వేలాడటం నేర్చుకోండి, తర్వాత పైనుంచి మెల్లగా కిందికి దిగడం, ఆ తర్వాతే పైకి లాగడం.

ఆరో పని: ఎస్‌ఎస్‌బీకి వెళ్లడం

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఆర్మీ సెంటర్లు ప్రయాగ్‌రాజ్, భోపాల్, బెంగళూరు, జలంధర్‌లో ఉన్నాయి. ఎయిర్‌ఫోర్స్‌కు డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి. నేవీకి బెంగళూరు, భోపాల్, కోల్‌కతాతో పాటు మన విశాఖ కూడా ఉంది. విశాఖలోనే పడినా ఇంటి నుంచి వెళ్లి రావడం కుదరదు, ఆ ఐదు రోజులూ లోపలే ఉండాలి. ఉత్తరాదికి జనవరిలో పిలుపు వస్తే స్వెట్టర్ ఒక్కటి సరిపోదు, ఆ చలి మనం ఇక్కడ ఊహించలేం. ఒక ఎంట్రీకి మొదటిసారి వెళ్తున్నవాళ్లకు రైలు ఛార్జీ తిరిగి ఇస్తారు, టికెట్ పారేయకండి.

మొదటి రోజు స్క్రీనింగ్. లాజిక్ ప్రశ్నల పరీక్ష ఒకటి, తర్వాత మసకగా ఉన్న బొమ్మ ఒకటి 30 సెకన్లు చూపించి కథ రాయమంటారు. ఆ తర్వాత గుంపులో ఒక్కొక్కరూ తమ కథ నిమిషంలో చెప్పి, అందరూ కలిసి ఒకే కథకు రావాలి. గుంపులో అందరూ ఒకేసారి అరవడం మొదలుపెడతారు. మీరూ గొంతు పెంచితే ఆ గోలలో కలిసిపోతారు. ఒక్కసారి స్పష్టంగా, అందరికీ పనికొచ్చే మాట చెప్పండి, మరో ఇద్దరి కథలోని మంచి భాగం పేరు పెట్టి గుర్తు చేయండి. స్క్రీనింగ్‌లో పోయినవాళ్లు అదే రోజు ఇంటికి. మిగిలినవాళ్లకు ఛాతీ మీద కట్టుకునే చెస్ట్ నంబర్ ఇస్తారు. ఆ వారమంతా అదే మీ పేరు.

రెండో రోజు మానసిక పరీక్షలు. బొమ్మలు చూసి 12 కథలు, అందులో చివరిది తెల్ల కాగితం, మీ సొంత కథ. తర్వాత 60 పదాలు, ఒక్కో పదానికి 15 సెకన్లలో వాక్యం. "సముద్రం" అని తెర మీద రాగానే చాలామంది "సముద్రం చాలా పెద్దది" అని రాసేస్తారు. దాంట్లో రాసిన మనిషి కనబడడు. ఫిషింగ్ హార్బర్ చూసిన విశాఖ కుర్రాడికి "వేటకు వెళ్లేముందు జాలర్లు వాతావరణ హెచ్చరిక చూసుకుంటారు" అని తట్టాలి. తర్వాత 30 నిమిషాల్లో 60 సందర్భాలు. ఉదాహరణకు, పరీక్షకు వెళ్తుంటే మద్దిలపాలెం దగ్గర బైక్ మీద నుంచి ఒకతను పడి రక్తం కారుతోంది అనుకోండి. "ఆసుపత్రిలో చేర్చి, అతని ప్రాణం కాపాడి, పరీక్ష రాసి ఫస్ట్ వచ్చాను" అని సినిమా హీరోలా రాస్తే నమ్మరు. 108కి ఫోన్ చేసి, రక్తం ఆగేలా గుడ్డ గట్టిగా నొక్కి కట్టి, పక్కన ఉన్నవాళ్లకు అప్పగించి పరీక్షకు వెళ్లాను అంటే చాలు. నిజంగా మీరు ఏం చేస్తారో అదే రాయండి. అంత వేగంగా రాస్తూ రోజంతా నటించడం ఎవరివల్లా కాదు.

తర్వాతి రెండు రోజులు గ్రౌండ్‌లో. పలకలు, తాళ్లు, పీపాలతో గుంపుగా అడ్డంకులు దాటాలి. ఎర్ర రంగు వేసిన చోట తాకకూడదు. పది వ్యక్తిగత అడ్డంకులు మూడు నిమిషాల్లో చేయాలి. మూడు నిమిషాలు ఆలోచించుకుని మూడు నిమిషాలు మాట్లాడే లెక్చరెట్ ఉంటుంది. మ్యాప్ చూపించి పథకం వేయమనే గ్రూప్ ప్లానింగ్ ఉంటుంది. జట్టులో వెనకబడినవాడి చెయ్యి పట్టి లాగినవాళ్లను, తాడు కట్టడం నచ్చక అలిగి పక్కన నిలబడినవాళ్లను ఇద్దరినీ అధికారి చూస్తూనే ఉంటాడు.

ఇంటర్వ్యూ మీరు మీ సొంత వివరాలతో నింపిన పీఐక్యూ ఫారం మీదే నడుస్తుంది. హాబీ దగ్గర "ట్రెక్కింగ్" అని రాసి సింహాచలం మెట్లు కూడా ఎక్కనివాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. విశాఖ నుంచి వచ్చామనగానే మీ ఊరి గురించి అడుగుతారు. కురుసురా 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిందని, 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగిందని, బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్తూపం ఆ యుద్ధ విజయానికి గుర్తని, 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్ష ఇక్కడే జరిగిందని తెలియకపోతే ఎలా? 2014 హుద్‌హుద్ తుఫాను రోజుల్లో మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరు ఏం చేశారో అమ్మానాన్నలను అడిగి తెలుసుకోండి. రోజూ చూసే ఊరి గురించి ఎంత తెలుసుకున్నారన్నది వాళ్లు చూస్తారు.

ఇంగ్లిష్ గురించి ఒక మాట. తెలుగు మీడియం పిల్లలు దీనికే భయపడి దరఖాస్తే పెట్టరు. అక్కడ కావాల్సింది గొప్ప ఇంగ్లిష్ కాదు, అనుకున్నది తడుముకోకుండా చెప్పగలగడం. చిన్న వాక్యాలు చాలు. నలుగురు స్నేహితులు కలిసి సాయంత్రం ఏయూ గ్రౌండ్‌లో కూర్చుని, చీటీలు వేసుకుని వచ్చిన అంశం మీద ఒక్కొక్కరు మూడు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడండి. నవ్వుకున్నా పర్లేదు, మాట్లాడటం మానొద్దు. ఆరునెలలకు తేడా మీకే తెలుస్తుంది. కోచింగ్ సెంటర్‌లో పది రోజులు కూర్చోవడం కన్నా నేను దీన్నే నమ్ముతాను.

ఐదో రోజు కాన్ఫరెన్స్. బోర్డు ముందు కాసేపు కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడుగుతారు, తర్వాత చెస్ట్ నంబర్లు చదువుతారు. మీ నంబర్ రాకపోతే అది మీ జీవితం మీద తీర్పు కాదు. వయసు ఉన్నంతవరకు సీడీఎస్ ఎన్నిసార్లైనా రాయవచ్చు. మూడోసారో, ఐదోసారో ఎంపికైనవాళ్లు చాలామంది ఉన్నారు. రైల్లో తిరిగొస్తూ ఏ పరీక్షలో ఏం రాశారో, ఎక్కడ మాట ఆగిందో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. వారం పోతే గుర్తుండదు.

ఏడో పని: మెడికల్

ఎస్‌ఎస్‌బీలో ఎంపికై రికమెండ్ అయినవాళ్లకు వెంటనే మెడికల్ ఉంటుంది. ఇది ముందే చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పిప్పిపళ్లు పూడ్పించుకోండి, చెవిలో గులిమి తీయించుకోండి, ఎత్తుకు తగ్గ బరువుకు రండి. మోకాళ్లు రాసుకోవడం, పాదం చదునుగా ఉండటం లాంటివి ఎముకల డాక్టర్‌కు చూపించండి. కళ్లకు పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, రంగులు గుర్తించే పరీక్ష కూడా చేయించండి. లాసిక్ చేయించుకోవాలనుకుంటే 20 ఏళ్లు నిండకముందు వద్దు. చేయించుకున్నాక కనీసం 12 నెలలు గడవాలి. ఫ్లయింగ్ బ్రాంచికి కంటి నియమాలు ఇంకా గట్టివి, నోటిఫికేషన్ చదవకుండా ఆపరేషన్‌కు వెళ్లకండి. పచ్చబొట్టు విషయంలో, ముంజేయి లోపలివైపు, అరచేయి వెనకవైపు తప్ప శాశ్వతమైనవి ఒప్పుకోరు. ఫస్టియర్ సరదాలో భుజం మీద వేయించుకోబోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

తాత్కాలికంగా అన్‌ఫిట్ అంటే భయపడకండి. కారణం కాగితం మీద రాసి ఇస్తారు. అందులో చెప్పిన గడువులోగా చికిత్స చేయించుకుని అప్పీల్ మెడికల్‌కు వెళ్లండి.

ఆ తర్వాత

రికమెండ్ అయి, మెడికల్ పాసైనా మెరిట్ లిస్టులో పేరు రావాలి. సీడీఎస్‌లో ఐఎంఏ, నేవల్, ఎయిర్‌ఫోర్స్ అకాడమీలకు రాతపరీక్షకు 300, ఎస్‌ఎస్‌బీకి 300 మార్కులు కలిపి లిస్టు వేస్తారు. అందుకే రాతపరీక్షను కటాఫ్ దాటితే చాలనుకుని రాయకండి. శిక్షణ ఐఎంఏలో 18 నెలలు, ఓటీఏలో 49 వారాలు. శిక్షణ కాలంలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ వస్తుంది.

లిస్టు కోసం ఎదురుచూసే ఆ నెలల్లోనే "మాకు లోపల తెలిసినవాళ్లున్నారు, మూడు లక్షలిస్తే పేరు పెట్టిస్తాం" అనే ఫోన్లు వస్తాయి. ఆశలో ఉన్న తల్లిదండ్రులు పుస్తెలు తాకట్టు పెట్టి మరీ మోసపోతుంటారు. ఎస్‌ఎస్‌బీలో ముగ్గురు అధికారులు విడివిడిగా మార్కులు వేస్తారు, మెరిట్ లిస్టు దళాల ప్రధాన కార్యాలయాల్లో, యూపీఎస్సీలో తయారవుతుంది. డబ్బు అడిగినవాడి నంబర్ పోలీసులకు ఇచ్చి, ఫలితాలు మాత్రం యూపీఎస్సీ, జాయిన్ ఇండియన్ ఆర్మీ, జాయిన్ ఇండియన్ నేవీ, ఎఫ్‌క్యాట్ అధికారిక వెబ్‌సైట్లలోనే చూసుకోండి.